బూడిద లెక్క తేలితేనే బొగ్గు విద్యుత్తు లెక్క

బొగ్గు ఆధారిత విద్యుత్తు అనగానే పొగగొట్టాలు, వాటి నుంచి వెలువడే వాయువులే చర్చకు వస్తాయి. అంతకంటె బరువైన, నేల మీదనే మిగిలిపోయే వ్యర్థం మరొకటి ఉంది. అది బూడిద. దిగుమతి చేసుకునే బొగ్గులో బూడిద సాధారణంగా 10 నుంచి 20 శాతం వరకు ఉండగా, మన దేశంలో లభించే బొగ్గులో 30 నుంచి 45 శాతం వరకు ఉంటుంది. ఒక యూనిట్ విద్యుత్తు ఉత్పత్తికి సుమారు 700 గ్రాముల బొగ్గు అవసరం. 500 మెగావాట్ల జనరేటరు ఒక రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 120 లక్షల యూనిట్ల విద్యుత్తు లభిస్తుంది. అందుకు 8,400 టన్నుల బొగ్గు కాలుతుంది. 35 శాతం చొప్పున చూసినా 2,900 టన్నులకు పైగా బూడిద మిగులుతుంది. పది టన్నుల లారీలకు ఎత్తితే రోజుకు 290 లారీలు. రామగుండం, ఇబ్రహీంపట్నం, ముద్దనూరు విద్యుత్ కేంద్రాల పరిసర గ్రామాల వారికి ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మెత్తగా పొడి చేసిన బొగ్గు బాయిలరులో కాలినపుడు బూడిదలో ఇంచుమించు ఐదోవంతు అడుగుకు చేరుతుంది. తక్కినది పొగతో పాటు పైకి లేచే సన్నని ధూళి. దీనినే ఫ్లై యాష్ అంటారు. పొగగొట్టానికి చేరకముందే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ అనే సాధనం విద్యుదావేశంతో దీనిని పట్టి నిలుపుతుంది. పొడిగా సేకరించి నిల్వ చేసిన ఫ్లై యాష్ సిమెంట్ కర్మాగారాలకు, ఇటుకల తయారీదారులకు ముడిసరుకు. నీటితో కలిపి చెరువులోకి వదిలినది మాత్రం పెద్ద సమస్య. వేసవిలో పైపొర ఎండి గాలికి లేచి ఇళ్ల మీద, పైర్ల మీద పడుతుంది. బూడిదలో స్వల్పంగా ఉండే ఆర్సెనిక్, పాదరసం వంటివి భూగర్భ జలాలలోకి దిగే ప్రమాదమూ లేకపోలేదు. మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి జిల్లాలో 2020 ఏప్రిల్ 10న ఒక బూడిద చెరువు కట్ట తెగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు.

ఈ సమస్యపై కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ తొలి నోటిఫికేషన్‌ను 1999 సెప్టెంబర్ 14న జారీ చేసింది. విద్యుత్ కేంద్రానికి 50 కిలోమీటర్ల పరిధిలోని ఇటుక బట్టీలు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలని నిర్దేశించింది. సారవంతమైన పైమట్టిని కాపాడటం ఇందలి ఉద్దేశం. అయితే బూడిద ఇటుక అంటే చాలాకాలం పాటు కొనేవారిలో చులకన భావం ఉండేది. నేటికీ అది పూర్తిగా తొలగిందని చెప్పలేము. అనేక సవరణల అనంతరం 2021 డిసెంబర్ 31న కొత్త నోటిఫికేషన్ వెలువడింది. మూడేళ్ల సగటున నూరు శాతం వినియోగం, వినియోగించని ప్రతి టన్నుకు రూ.1,000 పర్యావరణ పరిహారం ఇందులోని ప్రధానాంశాలు.

ఫలితాలు కనిపిస్తున్నాయి. 1996-97లో దేశంలో వెలువడిన 6.88 కోట్ల టన్నుల బూడిదలో వినియోగమైనది 9.63 శాతం మాత్రమే. 2021-22లో 27.08 కోట్ల టన్నులు వెలువడగా 95.95 శాతం వినియోగమైనట్లు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటించింది. ఇది నిస్సందేహంగా పెద్ద విజయం. అయినా ఈ శాతాన్ని కాస్త ఆగి చదవవలసి ఉంది. మిగిలిన నాలుగు శాతమే కోటి టన్నులకు పైచిలుకు. పైగా ఇది ఒక ఏడాది ఉత్పత్తితో పోల్చి కట్టిన లెక్క. గత దశాబ్దాలలో చెరువులకు చేరిన బూడిద ఎంతో ఈ శాతం చెప్పదు. పాల్వంచలోని కొత్తగూడెం కేంద్రం పాత కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేశారు. టవర్లను ఆ విధంగా ఒక్క రోజులో తొలగించవచ్చు గాని, బూడిద చెరువును తొలగించలేము.

పాత నిల్వలను పదేళ్లలో వినియోగించాలని 2021 నోటిఫికేషన్ గడువు విధించింది. చెరువును స్థిరపరచి మొక్కలు పెంచినచోట, కాలుష్య నియంత్రణ మండళ్ల ధ్రువీకరణతో మినహాయింపు ఉంది. గనుల గోతులను నింపడానికి బూడిదను వాడవచ్చు. సింగరేణి ప్రాంతానికి ఇది అనుకూలమైన మార్గమే అయినప్పటికీ, గోతిలోని నీటిని పరీక్షించకుండా నింపితే చెరువులోని సమస్య గనిలోకి మారుతుంది.

ఏటా తలెత్తే మరో ఇబ్బంది వానాకాలం. నిర్మాణాలు మందగించి సిమెంట్ కర్మాగారాలు బూడిద తీసుకోవడం తగ్గిస్తాయి. బొగ్గు మాత్రం కాలుతూనే ఉంటుంది. అందువల్ల సరిగ్గా కట్టలు నాని ఉన్న రోజులలోనే చెరువులకు భారం పెరుగుతుంది. నోటిఫికేషన్ అమలును పర్యవేక్షించే అధికారం కాలుష్య నియంత్రణ మండళ్లతో పాటు జిల్లా కలెక్టర్లకు కూడా ఉంది. వర్షాలకు ముందే కట్టల పరిస్థితిని, చెరువులో మిగిలిన ఖాళీని తనిఖీ చేయించడానికి ఈ అధికారం ఉపకరిస్తుంది.