పాత మిద్దె కొనేముందు

వడమాలపేటలో ఇంటి మీద డబ్బు పెట్టేవారికి రెండు దారులున్నాయి. హైవే పక్కన లేఅవుట్‌లో ప్లాటు కొనడం ఒకటి. ఊరి నడుమ ఏళ్లుగా తాళం వేసి ఉన్న పాత ఇల్లు కొని బాగుచేయించడం రెండోది. మొదటి దారికి ఫ్లెక్సీలున్నాయి, బ్రోచర్లున్నాయి, సైటు చూపించడానికి కార్లున్నాయి. రెండోదాన్ని ఎవరూ ప్రచారం చేయరు. నేర్చుకోవాల్సిందంతా మాత్రం అందులోనే ఉంది.

ఊరు తిరుపతి నుంచి చెన్నై వెళ్లే 716వ నంబరు జాతీయ రహదారి మీద, తిరుపతికీ పుత్తూరుకూ మధ్యన ఉంది. రేణిగుంట విమానాశ్రయం ఎంతో దూరం కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు నగరి నియోజకవర్గం రెండు ముక్కలైంది. నగరి, నిండ్ర, విజయపురం మండలాలు చిత్తూరు జిల్లాలో ఉండిపోగా పుత్తూరు, వడమాలపేట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఆ తర్వాత టీటీడీ ఉద్యోగుల ఇళ్ల స్థలాలకు ఈ మండలంలోనే పాదిరేడు దగ్గర భూమి చూపించారు. ఇలాంటి ప్రతి కబురుకూ ప్లాట్ల ధర కదులుతుంది. పాత ఇంటి ధర అలా కదలదు. దాన్ని తేల్చేవి కప్పు, కాగితాలు, అమ్మేవాళ్ల అవసరం.

ఈ ప్రాంతపు పాత ఇళ్లు స్థూలంగా మూడు రకాలు. తిన్నె, పడసాల ఉన్న పెంకుటిళ్లు మొదటివి. దూలాల మీద దంతెలు పరిచి, వాటి మీద ఇటుకను నిలువుగా పేర్చి, సున్నం గచ్చు వేసిన మిద్దెలు రెండోవి. 1980ల నుంచి ఊరూరా వచ్చిన ఆర్‌సీసీ స్లాబు ఇళ్లు మూడోవి. యజమానుల పిల్లలు చాలామంది తిరుపతి, చెన్నై, బెంగళూరుల్లో స్థిరపడ్డారు. పండక్కో పెళ్లికో తలుపు తీసే ఇల్లు నాలుగేళ్లలో చెదలకూ వానకూ అప్పజెప్పినట్టే. అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా ఇవే.

పాత ఇల్లు చవగ్గా వస్తోందంటే దానికొక లోపం ఉందన్నమాట. కొనేవాడి నేర్పంతా ఆ లోపం సరిదిద్దగలిగేదా, కాదా అని తేల్చుకోవడంలో ఉంది. కారే కప్పు, పెచ్చులూడిన గోడ, వాసన కొట్టే స్నానాలగది సరిదిద్దగలిగేవి. ముగ్గురు వారసుల్లో ఒకరి సంతకం మిగిలిపోవడం కూడా చాలాసార్లు సరిదిద్దగలిగేదే. కింద ఉన్న జాగా ప్రభుత్వానిదో దేవస్థానానిదో అయితే ఆ ఇంటికి ఏ మేస్త్రీ వైద్యం చేయలేడు.

అందుకే చదువు కాగితాలతో మొదలవుతుంది. అమెరికాలో హక్కు మీద బీమా తీసుకునే పద్ధతి 1876లో ఫిలడెల్ఫియాలో మొదలై ఇప్పుడు మామూలైంది. అమ్మినవాడికి హక్కు లేదని తేలితే బీమా కంపెనీ చూసుకుంటుంది. మన దగ్గర ఆ రక్షణ దాదాపు లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే, హక్కు కాదు. హక్కుకే పూచీ ఇస్తామంటూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూహక్కు చట్టం పెద్ద వివాదమై 2024లో రద్దయింది. బరువంతా మళ్లీ కొనేవాడి మీదే పడింది.

మొదట చూడాల్సింది ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలు కనిపిస్తాయి. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఈసీలో కనిపించిన ప్రతి దస్తావేజుకూ నకలు తీసి లింకు డాక్యుమెంట్లను వరసగా పేర్చుకుంటే గొలుసు ఎక్కడ తెగిందో తెలుస్తుంది. పంచాయతీ ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించి ఇవే ఆధారాలనేవారున్నారు. అవి ఆ ఇంట్లో ఎవరున్నారో చెబుతాయి, ఇల్లు ఎవరిదో చెప్పవు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్ముతామన్నా ఆగాలి. జీపీఏ కాగితంతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

తర్వాత 22-ఎ జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్ కింద ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు భూములు నిషేధిత జాబితాలో ఉంటాయి. డీకేటీ పట్టా అన్న మాట వినిపించిన చోట అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించిన 1977 నాటి చట్టం గుర్తుకు రావాలి. తర్వాతి సవరణలు కొన్ని సడలింపులిచ్చినా, ఫలానా పట్టాకు అవి వర్తిస్తాయో లేదో తహసీల్దారు కార్యాలయంలో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి. గుళ్లు ఎక్కువున్న సీమ ఇది. అప్పలాయగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి ఆలయం ఈ మండలంలోనిదే. సర్వే నంబరు చూడకుండా, గుడి దగ్గర ఇల్లంటే పుణ్యం, పురుషార్థం అనుకుంటే చిక్కే.

ఊరి నడుమ ఇళ్లది ఇంకో తంటా. అవి గ్రామకంఠంలో ఉంటాయి. తాతల నాటి నుంచి అనుభవమే తప్ప చాలావాటికి దస్తావేజు ఉండదు. ఇలాంటి నివాసాలకు హక్కు కార్డులు ఇచ్చేందుకే కేంద్రం 2020 ఏప్రిల్ 24న డ్రోన్ సర్వేతో స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. కార్డు చేతికి రాని ఇంటికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం. కాబట్టి దాని ధర కూడా ఆ మేరకు తగ్గాలి.

అసలు కొట్లాటలు లేచేది వారసుల దగ్గర. ‘అన్నదమ్ములిద్దరం సంతకం పెడతాం, చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేశాం’ అనే మాట రాయలసీమలో ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. చట్టం ఆ మాటను ఒప్పుకోదు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు వాటా వచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్లయినవారికీ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో చెప్పింది. తండ్రి స్వార్జితమైనా, ఆయన వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులతో పాటు కూతుళ్లూ సమాన వారసులే. కాబట్టి కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో పేరున్న ప్రతి ఒక్కరూ సబ్‌రిజిస్ట్రార్ ముందుకు రావాలి, లేదా భాగపరిష్కార పత్రం రిజిస్టరై ఉండాలి. బెంగళూరులో ఉన్న చెల్లెలి కోసం ఓపిగ్గా నెలా రెండు నెలలు ఆగగలిగిన కొనుగోలుదారుకే ధర తగ్గుతుంది. తొందరపడ్డవాడు ఆ తగ్గింపును పదేళ్ల తర్వాత వకీలు ఫీజు కింద చెల్లిస్తాడు.

కొలతలోనూ ఒక మెలిక ఉంది. తిరుపతి వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. ఒక సెంటు 435.6 చదరపు అడుగులు. అంటే తిరుపతి లెక్కన 12 అంకణాలకు కొంచెం ఎక్కువ. అంకణం ఇంతని ధర చెప్పగానే చదరపు అడుగుల్లోకి మార్చి, దస్తావేజులోని హద్దులు పట్టుకుని టేపుతో కొలవాలి. పక్కింటి గోడ ఎవరి జాగాలో ఉందో అప్పుడే బయటపడుతుంది.

ఇల్లు చూడడానికి మంచి కాలం ఎండాకాలం కాదు. ఈ ప్రాంతానికి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతిని ముంచింది ఆ వానలే. ఏప్రిల్‌లో సున్నం కొట్టి చూపిస్తే ఏ కప్పైనా బాగానే ఉంటుంది. కార్తీకంలో వెళ్లి చూస్తే మరక ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో కళ్లెదుటే కనబడుతుంది.

మిద్దె విషయంలో దూలం నడుమ చూసి సరిపెట్టుకుంటే మోసపోతారు. పుచ్చేది గోడలో దూరి ఉన్న కొన. అక్కడ తడి నిలుస్తుంది, గాలి ఆడదు. స్క్రూడ్రైవర్ మొనతో ఆ కొన పొడిచి చూడాలి. గట్టి టేకు మొనను ఆపేస్తుంది. పుచ్చినదైతే మొన దిగిపోయి పొడి రాలుతుంది. ఒకటి రెండు దూలాలైతే మార్పించవచ్చు. సగానికి పైగా పుచ్చితే మిద్దె దించి కొత్త కప్పు వేయడమే చవక. ఆర్‌సీసీ స్లాబును చిన్న సుత్తితో కింది నుంచి తట్టుకుంటూ పోవాలి. బాగున్న చోట ఖంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. కమ్మీ మీద కాంక్రీటు పొర పల్చగా ఉంటే తడి చేరి తుప్పు పుడుతుంది. తుప్పు ఉబ్బి పెచ్చును తోస్తుంది. అలాంటి చోట కమ్మీ వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, పూత వేసి, పాలిమర్ కలిపిన మాలుతో నింపాలి. కమ్మీ నాలుగో వంతు దాకా తినేసి ఉంటే ఇంజినీరు చూడాల్సిందే. పైపైన పుట్టీ పెట్టి రంగు వేసిన స్లాబు ఊడిన స్లాబు కన్నా ప్రమాదకరం, ఎందుకంటే జబ్బు కనిపించదు.

పని వరసలో తప్పటడుగు వేస్తే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. ముందు కప్పు. మిద్దె మీద నీళ్లు నిలవకుండా నూరడుగులకు కనీసం ఒక అడుగు వాలు కావాలి. తర్వాత గోడల పగుళ్లు, ఆ తర్వాత నీళ్ల పైపులు, మురుగు, సెప్టిక్ ట్యాంకు. వైరింగు పూర్తిగా కొత్తది వేయించి, సరైన ఎర్తింగుతో పాటు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించాలి. టైల్సు, రంగులు ఆఖరున. కొత్తగా దిగినవారు మొదట కొనేది టైల్సే కావడం మామూలు. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడకు సిమెంటు పూత పూయిస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక గోడ ఉబ్బుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికి పట్టుకోవడం శ్రమే అయినా తప్పదు. పైన అంతస్తు వేయాలంటే పంచాయతీ అనుమతితో పాటు పునాది మోస్తుందో లేదో ఇంజినీరు రాతపూర్వకంగా చెప్పాలి.

ఇక లెక్క. ఇల్లు 24 లక్షలనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి 7.5 శాతం. అది 1.80 లక్షలు. మరమ్మతు 6 లక్షలు, అనుకోని ఖర్చుకు అందులో 15 శాతం, అంటే 90 వేలు. మొత్తం 32.70 లక్షలు. 15 లక్షల అప్పు మీద 9 శాతం వడ్డీ ఏడాదికి 1.35 లక్షలు. ఏడాది తిరిగేసరికి 36 లక్షలకు అమ్మి, ఒక శాతం బ్రోకరుకిస్తే మిగిలేది లక్షా 59 వేలు, అదీ పన్నుకు ముందు. కొని, బాగుచేసి, వెంటనే అమ్మే అమెరికా టీవీ పద్ధతి ఇక్కడ ఎందుకు తేలిపోతుందో ఈ అంకెలే చెబుతాయి. అదే ఇల్లు, వారసుల సంతకాలు కూర్చుకునే ఓపికతో 19 లక్షలకు దొరికితే ఆ మిగులు దాదాపు 7 లక్షలవుతుంది. లాభం కొన్ననాడే పుడుతుంది, రంగు వేసిననాడు కాదు.

అద్దెకిస్తే? పుత్తూరు, నారాయణవనం వైపు ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, తిరుపతికి రోజూ వెళ్లొచ్చే ఉద్యోగులున్నారు. నెలకు 12 వేలు వచ్చిందనుకున్నా 32.70 లక్షల మీద అది ఏటా 4.4 శాతమే. ఫిక్స్‌డ్ డిపాజిట్ అంతకన్నా ఎక్కువిస్తుంది. అద్దె కోసమే కొనడం దండగ. జాగా విలువ పెరిగేదాకా ఇంటిని కాపాడుతూ వడ్డీలో కొంత మోసేది అద్దె అనుకుంటే సరిపోతుంది.

అప్పు విషయంలో రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చు. ఆ విలువను బ్యాంకు సొంత మదింపుదారు కడతాడు, పాత ఇంటికి తక్కువే కడతాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా అందులో కలవదు. అడ్వాన్సు 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదుగా చేతులు మారితే పుచ్చుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు కనుక చెక్కు మీదే నడపాలి.

అమ్మేటప్పుడు 24 నెలలు గీటురాయి. అంతకు ముందే అమ్మితే లాభం మామూలు ఆదాయంతో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. దాటితే 2024 జులై 23 నుంచి 12.5 శాతం. ఇళ్లు కొని అమ్మడమే పనిగా పెట్టుకున్నవారి లాభాన్ని ఆదాయపు పన్ను శాఖ వ్యాపార ఆదాయంగా చూస్తుంది. కొత్త కప్పు, అదనపు గది, కొత్త వైరింగు లాంటి ఖర్చులు కొన్న ధరకు కలుపుకోవచ్చు. మామూలు రంగులు, చిల్లర మరమ్మతులు కలవవు. మేస్త్రీ చేతికి నగదుగా ఇచ్చి రసీదు తీసుకోని సొమ్మును లెక్కలో చూపించడం దాదాపు అసాధ్యం.