రోజు అద్దెకు యిల్లు – బెజవాడలో యెవరికి?

యిళ్ళను రోజుల లెక్కన అద్దెకివ్వడాన్ని నగరం అనుమతించాలా వద్దా? యీ ప్రశ్న మీద బయటి దేశాల్లో గట్టి చర్చే నడుస్తోంది. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి నమోదు లేకుండా ముప్పై రోజుల లోపు అద్దెకివ్వడాన్ని కట్టడి చేసింది. పర్యాటకులకిచ్చే ఫ్లాట్ల లైసెన్సులన్నీ 2028 నాటికి తీసేస్తామని బార్సిలోనా 2024లో ప్రకటించింది. యాత్రికుడికి రోజు అద్దెకిస్తే యెక్కువ డబ్బొస్తుంది కాబట్టి వూళ్ళో వుండేవాడికి యిల్లు దొరకడం లేదు, అద్దెలు పెరిగిపోతున్నాయి అన్నది అక్కడి వాదన. విజయవాడలోనూ యీ వ్యాపారం పెరుగుతోంది. 2024–29 పర్యాటక విధానంలో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా యిచ్చింది. హోమ్‌స్టేలకు ముద్ర రుణాలిస్తామని 2025 కేంద్ర బడ్జెట్ చెప్పింది. కనుక యీ చర్చ మన దాకా వచ్చినట్టే. అయితే చర్చ అంతా యిల్లుగల వాడి లాభం, హోటలు వాడి నష్టం చుట్టూ తిరుగుతోంది. మేం అడిగేది వేరు. అనుమతి యిస్తే ఆ తలుపు యెవరికి తెరుస్తారు?

రోజు అద్దె బెజవాడకు కొత్త కాదు. దసరా పది రోజులూ ఇంద్రకీలాద్రికి జనం వస్తారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలకు వస్తారు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాల పన్నెండు రోజులూ నది కిందా మీదా యెక్కడ చూసినా జనమే. యిలాంటప్పుడు మేడ మీది గది, ఖాళీ పోర్షను, తెలిసినవాళ్ళ ద్వారా నాలుగు రోజులకు చేతులు మారుతుంది. ఆ 'తెలిసినవాళ్ళ ద్వారా' అన్న మాటలోనే కులం వుంది. తెలిసినవాళ్ళంటే మనవాళ్ళు. మనవాళ్ళంటే యెవరో వేరే చెప్పాలా?

దీనికి ముందు సత్రాలున్నాయి. పుణ్యక్షేత్రాలన్నిటా కులం పేరు పెట్టుకున్న సత్రాలు బోర్డులతో సహా కనిపిస్తాయి. పైసా ఖర్చు లేకుండా పడుకోవచ్చు, భోజనం పెడతారు. గేటు దగ్గర మాత్రం ఫలానా కులమేనా అని అడుగుతారు. బాటసారికి నీడ అన్న పుణ్యకార్యం ఆ రకంగా కులానికి కట్టిన గోడ అయింది.

డా॥ అంబేద్కర్ జీవితంలోనూ వొక రోజు అద్దె గది వుంది. 1917లో విదేశీ చదువు ముగించుకుని బరోడా సంస్థానంలో వుద్యోగానికి వెళ్ళారు. హిందూ హోటళ్ళు చేర్చుకోవు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకుని రోజుకు రూపాయిన్నర చొప్పున దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని పార్సీలు వచ్చారు. అడిగిన స్నేహితులూ తప్పించుకున్నారు. ఆయన వొక తోటలో కూర్చుని గడిపి, రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయారు. చేతిలో అమెరికా చదువుంది, సంస్థానం వుద్యోగం వుంది, అద్దెకు డబ్బుంది. యివన్నీ వున్నా గది లేదు. అద్దె కట్టగలిగితే యిల్లు దొరుకుతుందనే వాళ్ళు యీ సంగతి కాస్త గుర్తుపెట్టుకోవాలి.

యిప్పుడు చట్టం సంగతి. విద్యార్థులు యీ భాగం కొంచెం ఓపిగ్గా చదవాలి, యెందుకంటే అసలు కీలకం యిక్కడే వుంది.

రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాల్లోకి కులం పేరుతో రానివ్వకపోవడాన్ని నిషేధించింది. సొంత యిల్లు అద్దెకివ్వడం గురించి అక్కడ మాట లేదు. 'దుకాణం' అంటే యేమిటని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అడిగితే, సేవను అందించడానికి కూర్చున్న ప్రతివాడికీ వర్తించే విశాలార్థంలో ఆ మాట వాడామని అంబేద్కర్ జవాబిచ్చారు. 2011లో సుప్రీంకోర్టు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో ఆ విశాలార్థాన్నే తీసుకుంది. 2005లో అదే కోర్టు పార్సీల గృహ సహకార సంఘం కేసులో, సంఘం తన సభ్యత్వాన్ని వొక మతస్తులకే పరిమితం చేసుకోవచ్చని చెప్పింది. కోర్టు వొక చేత్తో తలుపు తీస్తుంది, యింకో చేత్తో గడియ పెడుతుంది.

1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. అందులో 'హోటల్' అన్న మాటకు యిచ్చిన నిర్వచనంలో బోర్డింగ్ హౌస్, లాడ్జింగ్ హౌస్ కూడా వున్నాయి. యే ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడానికి, కొనుక్కోవడానికి, అందులో వుండటానికి అంటరానితనం పేరుతో అడ్డు తగలడం కూడా నాలుగో సెక్షను కింద నేరం. సేవ నిరాకరించడం ఆరో సెక్షను కింద నేరం. పన్నెండో సెక్షను మరీ ముఖ్యం: బాధితుడు షెడ్యూల్డు కులస్తుడైతే, కాదని రుజువయ్యే దాకా ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలి. యింత బలమైన సెక్షను చేతిలో వుండి కూడా యిల్లు యివ్వలేదని కేసు పెట్టినవాళ్ళ గురించి యెంత తక్కువ వింటాం! యిల్లు వెతుక్కునేవాడికి రాత్రికి తల దాచుకోవడం ముఖ్యం, కేసు కాదు.

శిక్ష నెల నుంచి ఆరు నెలలు, జరిమానా వంద నుంచి అయిదొందల రూపాయలు. అయిదొందలకు యీ రోజు బెజవాడలో వొక రాత్రి గది రాదు. అయితే అదే చట్టం ఎనిమిదో సెక్షను ప్రకారం, ఆరో సెక్షను కింద శిక్ష పడినవాడికి ఆ వ్యాపారానికి లైసెన్సు వుంటే కోర్టు దాన్ని రద్దు చేయవచ్చు. మా వాదన అంతా దీని మీదే ఆధారపడి వుంది. లైసెన్సే లేని వ్యాపారంలో రద్దు చేయడానికి యేముంటుంది? లాడ్జి వాడికి లైసెన్సుంది, రిజిస్టరుంది. సొంత ఫ్లాటును ఫోనులో పెట్టి రోజుకింత అని అద్దెకిచ్చేవాడు లాడ్జి చేసే పనే చేస్తాడు, అడిగితే మాత్రం 'యిది నా యిల్లండీ, నా యిష్టం' అంటాడు. డబ్బు తీసుకునేటప్పుడు హోటలు, మనిషిని యెంచుకునేటప్పుడు యిల్లు! అద్దె చట్టాలేమో హోటళ్ళనూ లాడ్జీలనూ తమ పరిధిలోకి రానివ్వవు; 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టమూ అంతే.

నెల అద్దె యింటి దగ్గర ప్రశ్నలు మనకు కొత్త కాదు. 'మీరేమిట్లండీ?' 'నీచు తింటారా?' 'ఆదివారం చర్చికి వెళ్తారా?' మూడు ప్రశ్నలూ వొకటే ప్రశ్న. అసలు మన భాషలో వంశనామానికి 'ఇంటిపేరు' అని పేరు. యిల్లు అడగబోయినవాణ్ణి ముందు ఇంటిపేరే అడుగుతారు. ఢిల్లీ పరిసరాల్లో థోరాట్, ఆయన తోటివారు చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో, పేరు చెప్పగానే దళితులకు, అంతకన్నా యెక్కువగా ముస్లింలకు యిళ్ళు లేవన్నారు. ఫోనులో గది బుక్ చేసుకుంటే యీ బాధ తప్పుతుందనుకునేవాళ్ళున్నారు. అక్కడా ముందు కనపడేది పేరే. అమెరికాలో అయిదు నగరాల్లో ఎయిర్‌బిఎన్‌బి ద్వారా అద్దెకిచ్చేవాళ్ళకు సుమారు 6,400 అభ్యర్థనలు పంపి చూశారు. నల్లవాళ్ళకుండే పేర్లతో అడిగితే ఒప్పుకోవడం 16 శాతం తగ్గింది. అంతకు ముందు నల్లజాతి అతిథిని యెన్నడూ చేర్చుకోని యజమానుల్లోనే యీ తేడా యెక్కువ. విమర్శలు వచ్చాక, బుకింగ్ ఖాయమయ్యేదాకా అతిథి ఫోటో యజమానికి కనిపించకుండా 2018లో ఆ కంపెనీ పద్ధతి మార్చింది. ఫోటో దాస్తే అక్కడ కొంత పని జరుగుతుందేమో గాని, యిక్కడ ఇంటిపేరు దాయాలి.

కృష్ణా డెల్టాలో యింకో చిక్కుంది. యిక్కడి మాల మాదిగల్లో క్రైస్తవులు చాలామంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్ళను షెడ్యూల్డు కులాల్లోంచి తీసేసింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో కలిపారు, వీళ్ళను కలపలేదు. మతం మారినవాళ్ళకు అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు కూడా చెప్పింది. అంటే మెడలో సిలువ చూసి గది లేదన్నా, పేట పేరు విని గది లేదన్నా, ఆ మనిషికి పన్నెండో సెక్షను అండ దొరకడం కష్టం. యింటివాడికి మాత్రం యే సర్టిఫికెట్టూ అక్కర్లేదు, అతనికి కులం చూపులోనే తెలుస్తుంది.

అద్దెకివ్వడానికి యిల్లెవరికుంది అన్నది మరో సంగతి. పటమట, మొగల్రాజపురం, లబ్బీపేటల్లో రెండో ఫ్లాటు వున్నవాడికి యిది ఆదాయం. దళితుడికి దొరికేది ప్రభుత్వం యిచ్చిన సెంటూ సెంటున్నరా. 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టంలో 'బదిలీ' అంటే లీజు కూడా. ఆ తర్వాతి సవరణలు యింటి స్థలాలకు కొన్నేళ్ళు గడిచాక సడలింపు యిచ్చాయి గాని, కొత్త వ్యాపారంలో ముందు వరసలో నిలబడేది మాత్రం ముందునించీ ఆస్తి వున్నవాడే. 2014లో రాజధాని యిక్కడికని తేలాక, 2016లో సచివాలయం వుద్యోగులు కదిలి వచ్చాక అద్దెలు పెరిగితే, చిన్న జీతాల వాళ్ళు సింగ్‌నగర్ వైపూ వాంబే కాలనీ వైపూ జరిగారు. (వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన పేరుతో కట్టిన కాలనీ అది, నగరం నోట్లో అంబేద్కర్ కాస్తా 'వాంబే'లో మాయమయ్యాడు.) 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచెత్తింది ఆ వైపునే. డబ్బున్నవాళ్ళు లాడ్జీలకూ బంధువుల యిళ్ళకూ పోయారు. మిగతావాళ్ళు మేడల మీద, పునరావాస కేంద్రాల్లో గడిపారు. రోజు అద్దె యిల్లు యాత్రికుడికే కాదు, యిలాంటి రాత్రి కూడా కావాలి.

కనుక నిషేధించమని మేం అనడం లేదు. నిషేధిస్తే 'తెలిసినవాళ్ళ ద్వారా' నడిచే పాత పద్ధతే మిగులుతుంది. అనుమతించండి, లాడ్జింగ్ హౌస్‌గా నమోదు చేశాకే. లైసెన్సు నంబరు ప్రకటన మీద వుండాలి, ఖాయం చేసేదాకా యజమానికి పేరు కనపడకూడదు, పేదల బస్తీల్లో కాపురాలుండే యిళ్ళు ఖాళీ చేయించి యీ వ్యాపారం పెట్టనివ్వకూడదు. లాడ్జి రిజిస్టరులో యెవరికి గది యిచ్చారో రాసే గడి వుంటుంది. యెవరికి లేదన్నారో, యెందుకన్నారో రాసే గడి కూడా అందులో చేర్చాలని నగరపాలక సంస్థ కమిషనరుకు యివ్వబోయే అర్జీలో మొదటి కోరికగా రాస్తున్నాం.