కుక్కలు చెప్పింది, పిల్లులు చెప్పింది

1889 డిసెంబరులో హైదరాబాదు నుంచి లండన్‌లోని ‘లాన్సెట్’ వైద్య పత్రికకు ఒక తంతి వెళ్లింది. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువుల మీద పరీక్షలు ముగిశాయి; క్లోరోఫాంతో ముప్పంతా ఊపిరాడకపోవడం వల్లో, మోతాదు మించడం వల్లో వచ్చేదే, నేరుగా గుండెకు ఏ ప్రమాదమూ లేదు. అదీ దాని సారాంశం.

తగాదా పాతదే. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో డాక్టర్ సింప్సన్ క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరక్కుండానే న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల, కాలిగోరు తీయించుకుందామని మత్తు పీల్చి, నిమిషాల్లో ప్రాణం విడిచింది. ఆగింది గుండా, ఊపిరా? లండన్ డాక్టర్లు నాడి పట్టుకు కూర్చోమన్నారు. ఎడిన్‌బరో వాళ్లు నాడి సంగతి వదిలేసి ఊపిరి చూడమన్నారు.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీది ఎడిన్‌బరో బడి. 1888లో ఆయన పెట్టిన మొదటి కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి ‘గుండెకు భయం లేదు’ అంటే లాన్సెట్ పెదవి విరిచింది. దాంతో ఆరో నిజాం ప్రభుత్వం 1,000 పౌండ్లిచ్చి, మీ మనిషినే పంపించి చూసుకోమంది. లాన్సెట్ తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు, గుండెకే ముప్పని నమ్ముతూ.

జంతువు రక్తనాళంలోకి గొట్టం దూర్చి, రెండో కొస మానోమీటరుకు కలిపేవారు. రక్తపోటు ఎగుడుదిగుళ్లన్నీ కదిలే కాగితం మీద గీతగా పడేవి. మత్తు ముదిరేకొద్దీ గీత కిందికి జారేది. ఊపిరి ఆగిపోయాక కూడా గుండె ఇంకాసేపు కొట్టుకున్నట్టు ఆ గీతలోనే కనబడింది. బ్రంటన్ మనసు మార్చుకున్నాడు. అంత పెద్దమనిషి అలా మాట మార్చుకోవడం చిన్న విషయం కాదు.

అయినా తీర్పు నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లులకు క్లోరోఫాం కొద్దిగానే ఇచ్చి అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె లయ తప్పి, గిలగిల్లాడి ఆగిపోయింది. ఆపరేషన్ అనగానే హడలిపోయిన మనిషి ఒంట్లో ఊరేదీ ఆ అడ్రినలినే. మత్తు పూర్తిగా ఎక్కకముందే బెదిరిన గుండె ఏమవుతుందో హైదరాబాదు లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు కొత్త మందు ఏదైనా గుండె లయను చెడగొడుతుందేమోనని విడిగా పరీక్షిస్తారు. సికింద్రాబాదు నుంచి శామీర్‌పేట మీదుగా వెళ్తే వచ్చే జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ వారి ప్రయోగ జంతువుల కేంద్రమే ఉంది. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే ఎలుకను కూడా ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ 490 మూగజీవాలకు అలాంటి దిక్కేదీ లేకపోయింది.

మళ్లీ లారీ సంగతికొస్తే, ఆయన దేన్నీ తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. మలేరియా క్రిమి అనేదే లేదని కూడా వాదించాడు. ఆ వాదన సాగుతుండగానే, సికింద్రాబాదులో పనిచేస్తున్న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపు కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. క్రిమి అక్కడే ఉంది.