వసతిగృహపు తీగె : కావలియు కట్టడియు

వేములవాడలో మహాశివరాత్రి జాతరకు జనము దిగు దినములలో మా యింటికి బంధువులును, బంధువుల బంధువులును వచ్చుట వాడుక. ఒకయేడు అట్లు వచ్చినవారిలో జగిత్యాలవైపు విద్యార్థి వసతిగృహమొకటి నడుపు మిత్రుడు గూడ నుండెను. దర్శనము చేసికొని వచ్చి, తీర్థప్రసాదములు మా పిల్లల చేతులలో బెట్టి, కూర్చుండినదే తడవుగా తన గోడు వెళ్ళబోసికొనెను.

ఆ వసతిగృహమున నూరుగురకు పైబడిన విద్యార్థులకు ఇంటర్నెట్టు తీగె యొక్కటే. ఒక పరీక్షకు దరఖాస్తు పంపుటకు కడపటి దినమున, రాత్రి పదునొకండు గంటలకు, సిరిసిల్ల మరమగ్గముల కార్మికుని కుమారుడొకడు తన ఛాయాచిత్రమును, సంతకమును పంపజూచుచుండెను. అవి పోలేదు. పండ్రెండు కొట్టగనే అవతల తలుపు మూయబడెను. ఆ పిల్లవానికి ఒక సంవత్సరము పోయెను. అదే వేళ మేడమీది గదులలో నలుగురైదుగురు క్రొత్త చలనచిత్రమొకటి టొరెంటు మార్గమున దించుకొనుచుండిరని మరునాడు తెలిసినది. “ఆ దారిని సమూలముగా మూయింతును. ఎట్లు మూయవలెనో చెప్పుము” అని మిత్రుడు పట్టుబట్టెను. ఆనాడు నేనతనికి జెప్పినదానినే యిచట కొంత విరివిగా జెప్పుచున్నాను.

మొదట ఆ దారి యెట్టిదో తెలిసికొనవలెను. సామాన్యముగా మనము ఇంటర్నెట్టునుండి ఒక ఫైలును దెచ్చికొనునపుడు, అది యెక్కడనో యొక పెద్ద కంప్యూటరునందుండును. అందరును అచ్చటికే పోయి తెచ్చుకొందురు. పీర్ టు పీర్ పద్ధతి యట్టిది కాదు. ఇందు తోటివారు తమలో దాము పంచుకొందురు. తీసికొన్నవాడు ఆ క్షణమునుండియే ఇచ్చువాడును అగును. ఇది మనకు బొత్తిగా క్రొత్తదియు గాదు. వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి కొలువున పంపకవి 941వ సంవత్సరమున కన్నడమున విక్రమార్జున విజయమును రచించెను. ఆ గ్రంథము మనవరకు వచ్చుటకు రాజు భాండాగార మొక్కటియే కారణము కాదు. ఒకడు తాటాకులపై వ్రాసికొన్న ప్రతిని చూచి మరియొకడు వ్రాసికొనెను. వానిని చూచి వేరొకడు. ప్రతి లేఖకుడును తరువాతివానికి మూలమయ్యెను.

1999లో వెలువడిన నాప్‌స్టరు అనునది పాటలను ఈ తీరున పంచిపెట్టెను గాని, ఎవరియొద్ద ఏ పాట గలదో తెలుపు పట్టిక మాత్రము ఒకచోటనే యుంచెను. న్యాయస్థానము ఆ యొక్కచోటును పట్టుకొనగా 2001లో అది మూతపడెను. ఆ సంవత్సరముననే బ్రాం కోహెన్ అను అమెరికా దేశీయుడు బిట్‌టొరెంటును వెలువరించెను. ఇందు ఫైలు చిన్నచిన్న తునుకలుగా విభజింపబడును. ఒక తునుక ఒకనినుండి, మరియొకటి వేరొకనినుండి, ఒకే సమయమున పలువురినుండి వచ్చును. వచ్చిన ప్రతి తునుకయు సరియైనదా కాదా యని సరిచూచుకొను గుర్తు ముందుగనే చేతనుండును. కొన్నాళ్ళకు పట్టిక గూడ ఒకచోట నుండనక్కరలేక, దానిని సైతము అందరును పంచుకొని మోయు ఏర్పాటు వచ్చినది. కావున మూయుటకు వాకిలి యన్నదే లేకపోయెను.

ఇక మన కుఱ్ఱవాని దరఖాస్తు ఏల పోలేదు? ఫైలు పెద్దదగుటచేత గాదు. వేములవాడ కోడెమొక్కును ఎరిగినవారికి దీనిని సులభముగా జెప్పవచ్చును. భక్తులు తలకొక కోడెను బట్టుకొని వరుసలో నిలుతురు. తమ వంతు రాగానే ప్రదక్షిణము చేయించి కట్టివేయుదురు. ఒక కుటుంబమువారు నూరు కోడెలను దెచ్చి, నూరింటిని వరుసలో నిలిపిరనుకొనుడు. ద్వారముకడ నున్నవాడు కోడెకొక వంతు చొప్పున ధర్మముగనే పంపుచున్నాడు. అయినను ఒక్క కోడెతో వచ్చిన పేదవాడు తెల్లవారువరకు నిలువవలసినదే. టొరెంటు నడుపు కంప్యూటరు ఒకే మారు పదులకొలది, వందలకొలది సంబంధములను దెరచును. దరఖాస్తు పంపువాడు తెరచునది ఒకటో రెండో. సాధారణపు రూటరు సంబంధములను చూచునే గాని వాని వెనుకనున్న మనుష్యుని చూడదు.

ఇంతియేగాదు. మన తీగెలు పలుచోట్ల దించుకొనుటకు వెడల్పుగను, పంపుటకు ఇరుకుగను ఉండును. టొరెంటు దించుకొనుచునే పంపుచుండును గదా. ఆ ఇరుకుదారి ముందుగా నిండిపోవును. ఛాయాచిత్రము పోవలసినదియు ఆ యిరుకుదారినే. చవుకరకపు రూటరులలో మరియొక చిక్కు గలదు: ఎవరి సంబంధమేదియో గుర్తుంచుకొనుటకు వానికి గల చిట్టా చిన్నది. అది నిండగనే క్రొత్తవారికి చోటుండదు. తీగెలో జాగా యున్నను రూటరు మొగము త్రిప్పుకొనును.

కావలి విషయమునకు వత్తము. ఈ రాకపోకలను గుర్తించుటకు జనులు మొదట పట్టుకొన్నది ద్వారసంఖ్య. తొలినాళ్ళ బిట్‌టొరెంటు 6881 మొదలు 6889 వరకు గల ద్వారములను వాడుచుండెడిది; వానిని మూసినచో చాలుననిరి. అది వెంటనే వేరు ద్వారములకు మారెను. తరువాత మాటను బట్టి పట్టిరి. ఇద్దరు తోటివారు కలిసికొనునపుడు తొలుత పందొమ్మిది యను సంఖ్యను పలికి, పందొమ్మిది అక్షరస్థానముల తమ పద్ధతి పేరు చెప్పుకొందురు. రూటరు ప్రతి పొట్లమును విప్పి ఆ పేరు వెదకవచ్చును. ఇది ఉత్తరముల కవరులు చింపి చదువుటవంటిది. 2006 నాటికి ఆ పలుకరింపు సైతము మరుగుభాషలో సాగజొచ్చెను. మిగిలినది నడవడిని జూచుట: ఒక కంప్యూటరు దేశదేశముల నున్న ముక్కుమొగ మెరుగని పలువురితో ఒకేసారి మాటలాడుచు, తీసికొన్నంతయు ఇచ్చుచున్నచో, అది టొరెంటే కావలెనని ఊహింతురు. ఈ ఊహ చాలవరకు నిజమగును. కాని దాని లోపల నున్నది దొంగసొత్తో దొరసొత్తో ఈ ఊహ చెప్పజాలదు.

ఇక్కడనే మూయువారు తప్పటడుగు వేయుదురు. అమెరికాలో కాంకాస్ట్ అను గొప్ప కంపెనీ తన చందాదారుల టొరెంటులను ఆపుటకు ఒక మాయ పన్నెను. ఇద్దరు మాటలాడుకొనుచుండగా నడుమ జొరబడి, ఇతడు చెప్పినట్లు అతనికిని, అతడు చెప్పినట్లు ఇతనికిని “సంబంధము తెంచితిని” అను సందేశమును కంపెనీయే పంపుచుండెను. 2007 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్సువారు దీనిని పరీక్షింపదలచి, ఎవరి హక్కునకును లోబడని కింగ్ జేమ్స్ బైబిలును టొరెంటుమీద పంపిచూచిరి. బైబిలు సైతము ఆగెను. 2008 ఆగస్టులో అచ్చటి సమాచార ప్రసార సంఘము ఇది తగదని తీర్పుచెప్పెను. 2010 ఏప్రిలులో న్యాయస్థానము ఆ సంఘమున కట్టి అధికారము లేదని దానిని కొట్టివేసెను. ఆ తీర్పు సంఘపు అధికారమును గూర్చినదే గాని, కంపెనీ పన్నిన మాయను మెచ్చుకొన్నది గాదు.

మన కథ యింకను దగ్గరిది. 2012లో తమిళచిత్రము ‘3’ కొరకును, తెలుగుచిత్రము ‘దమ్ము’ కొరకును, దొంగప్రతులు వ్యాపింపకుండునట్లు మద్రాసు హైకోర్టునుండి పేరులేని ప్రతివాదులపై ఉత్తరువులు పొందబడినవి. ఇంటర్నెట్టు కంపెనీలు ఆ చిత్రములున్న పుటలను వెదకి మూయుట కష్టమని, స్థలములకు స్థలములనే మూసిరి. మే నెలలో జనులు చూచునప్పటికి టొరెంటుల తావులేగాక, విమియో, డెయిలీమోషను, వ్రాతలు పంచుకొను పేస్ట్‌బిన్ సైతము పలుచోట్ల తెరచుకొనవయ్యెను. తన పెండ్లివీడియోను విమియోలో నుంచినవానికి దమ్ముతో నేమి సంబంధము? జూన్ నెలలో హైకోర్టు తన యుత్తరువు నిర్దిష్టమైన పుటలకే గాని స్థలమునకంతకు గాదని వివరింపవలసి వచ్చెను.

దొంగప్రతులను నేను వెనకవేసికొని వచ్చుచున్నానని యెవరును తలపవలదు. పలువురు చెమటోడ్చి తీసిన చిత్రమును ఊరక దించుకొనుట 1957 నాటి కాపీరైటు చట్టము దృష్టిలో తప్పే. సినిమాహాలులో దొంగచాటుగా చిత్రమును పట్టువారికి 2023లో సవరింపబడిన సినిమటోగ్రాఫు చట్టము కనీసము మూడు నెలల చెరయు, మూడు లక్షల రూపాయల జరిమానాయు విధించుచున్నది. అయినను తీగెను మూసి చిత్రమును కాపాడగలమన్న ధీమా నాకు లేదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే సుమారు తొంబది నిమిషముల భాగము బయటపడెను. పోలీసులు వెదకగా, ప్రతి బయటికి పోయినది చిత్రమునకు సంబంధించినవారి చేతులనుండియే యని తేలెను. నిర్మాతలు అక్టోబరు 9న రావలసిన చిత్రమును సెప్టెంబరు 27కే విడుదలచేసిరి. జనము హాలులు నింపిరి. చేతినుండి చేతికి పోవు డిస్కును ఏ రూటరు ఆపగలదు?

ఇంతవరకు విని మా మిత్రుడు, “అయినచో నా విద్యార్థి సంవత్సర మొకటి పోవలసినదేనా?” అని యడిగెను. న్యాయమైన ప్రశ్న. మూయనక్కరలేకుండ పంచవచ్చునని చెప్పితిని. మన యూళ్ళలో చెరువు తూమువద్ద నీరటి యుండెడివాడు. ఎవడు వరి వేసెను, ఎవడు చెరకు వేసెను అని విచారించుట వాని పని గాదు. ఎవరి మడికి ఎంత పారవలెనో అంత పారించుట వాని పని. రూటరునకు నట్టి నీరటితనమును నేర్పు విధానములు పుట్టినవి. వానిలో నొకదాని పేరు ఎఫ్‌క్యూ కోడెల్. 2018 జనవరిలో దాని వివరము ప్రకటింపబడినది. పేరులో కోడె యున్నదని మిత్రుడు నవ్వెను. నవ్వినను, అది నిజముగ కోడెలనే లెక్కించును, అనగా సంబంధమున కొక వంతు ఇచ్చును. పొడుగైన వరుసలు ప్రోగుపడకుండ చూచును గనుక చిన్నవారికి కొంత మేలే. కాని నూరు కోడెలవాని జబ్బునకు మందు దానితరువాత వచ్చిన కేక్ అనునది. 2018 అక్టోబరునుండి లినక్సులో భాగమైన యిది, ముందు మనుష్యునికొక వంతు, అనగా కంప్యూటరునకొక వంతు పంచి, ఆ వంతులో ఎన్ని కోడెలనైనను తోలుకొనుమనును. బాగుగ వ్రాసిన టొరెంటు సాధనములును కొంత మర్యాద నేర్చుకొన్నవి: తాము పంపు పొట్లములకు ఆలస్య మగుచున్నదని తోచగనే వెనుకకు తగ్గును.

మూయుటకు నాకు గల అభ్యంతరము మరియొకటి గలదు. ఇంటర్నెట్ ఆర్కైవు 2012 ఆగస్టునుండి తన గ్రంథములను టొరెంటుగ గూడ నిచ్చుచున్నది. అచ్చట డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావారు ఛాయలు తీసిన పాత తెలుగు పుస్తకములు వేలకొలది గలవు. లినక్సు ప్రతులును ఈ మార్గముననే చవుకగ దేశమంతట పారుచున్నవి. మేడమీది గదిలో టొరెంటు నడచుచున్నదన్నంతమాత్రమున అది చలనచిత్రమే యని యెట్లందుము?

కాని యొక బెడద యుండనే యున్నది. దానిని మిత్రునికి దాపక చెప్పితిని. టొరెంటులో పాల్గొను ప్రతివాని చిరునామా తక్కినవారికి కనబడును. హక్కుదారులు వెదకిన, వారికి కనబడునది ఆ కుఱ్ఱవాని పేరు గాదు, వసతిగృహపు చిరునామా. నూరుగురిలో ఎవడు చేసినను ఉత్తరము వచ్చునది అధికారికే. కావున ఎంత వాడబడినదో లెక్క యుంచుట తప్పదు. ఆ లెక్క ఎంతవరకు, ఎవరు చూడవచ్చును, ఎన్నినాళ్ళుండును అనునది ముందుగ గోడపై వ్రాసి అంటింపుమంటిని. దొంగచాటు కావలికన్న తెలిసిన కావలికి పిల్లలు లోబడుదురని నా నమ్మకము.

అతడు పాత రూటరును మార్చెను. తలకొక వంతు ఏర్పరచెను. సాయంకాలము ఆరునుండి రాత్రి పదివరకు ఎవడును తన వంతుకు మించి వాడరాదనియు, తక్కిన వేళ మిగిలినది మిగిలినవారిదే యనియు నియమము చేసెను. పద్దులో ఎవరు ఎంత వాడిరన్నదే గాని, ఏమి చూచిరన్నది వ్రాయడు. మాసాంతమున ఆ పద్దును చెరపివేయును. విద్యార్థులు పదిగంటల నియమమును, దరఖాస్తుల కడపటి దినములలో పండ్రెండువరకు పొడిగింపుమని కోరగా ఒప్పుకొనెను. సిరిసిల్ల కుఱ్ఱవాడు మరుసటియేడు తన దరఖాస్తును కడపటి దినముననే, రాత్రి పదునొకండు గంటలకే పంపెనట. అలవాటు మారలేదు, ఫైలు మాత్రము పోయినది. పద్దు తెరచి చూచు అధికారము అధికారికి మాత్రమేనా, విద్యార్థుల ప్రతినిధియు ప్రక్కన నుండవలెనా యన్న వాదము అచ్చట ఇంకను సాగుచున్నది.