వివరం లేని విత్తనం వద్దు

మిద్దె తోటకైనా పెరటి మడికైనా ఖరీదు చూసో, ‘నాటు’ అన్న పేరు చూసో విత్తనం కొంటే సరిపోదు. అది ఏ రకమో, ఎప్పుడు పరీక్షించారో, ఏ కాలంలో ఎక్కడ పండుతుందో తెలియాలి. ఆ వివరాలు అడిగి తీసుకోవడం కొనేవారి హక్కు.

మృగశిర కార్తె దగ్గరపడుతోందంటే విత్తనాల దుకాణాల ముందు రైతులు బారులు తీరతారు. రకం పేరు అడుగుతారు, సంచి తిప్పి తేదీ చూస్తారు, బిల్లు తీసుకుంటారు. అదే వారం పట్నంలో ఇంటి తోట వేసుకునేవాళ్లు నర్సరీలోనో సూపర్‌మార్కెట్‌లోనో ఫోన్‌లోనో బొమ్మ చూసి ప్యాకెట్ కొంటారు. కూరగాయ దగ్గర మాత్రం వీళ్లను ఎవరూ మోసం చేయలేరు. వంకాయ ముచ్చిక చూస్తారు, బెండకాయ కొన విరుస్తారు, సొరకాయను గోటితో గిచ్చి లేతదో ముదురో తేలుస్తారు. విత్తనం దగ్గర ఈ నేర్పులేవీ పనికిరావు. మేలైన టమాటా గింజనూ, కలగాపులగం గింజనూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. మొలకెత్తే శక్తి ఉందా, చెప్పిన రకమేనా, తెగులు మోసుకొస్తోందా అన్నవేవీ పైకి కనిపించవు. నిజం బయటపడేసరికి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. అందువల్ల విత్తనం కొనేటప్పుడు మనం డబ్బిచ్చేది గింజకు ఎంతో, ఆ గింజ గురించిన నమ్మదగిన వివరానికీ అంతే. వివరం లేని గింజ చవకగా వచ్చినా, ఉచితంగా వచ్చినా నష్టమే.

ఇరవై రూపాయలకు ఇంత లెక్కా?

ఎకరాలు సాగు చేసే రైతుకైతే సరే, పది కుండీల తోటకు ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లున్నారు. ప్యాకెట్ పోతే పోయేది 20, 30 రూపాయలే కదా అంటారు. నష్టాన్ని ప్యాకెట్ ధరతో కొలవడం వల్ల వచ్చే పొరపాటిది. టమాటా నారు ఎదగడానికి 25 నుంచి 30 రోజులు పడుతుంది. నాటాక తొలి కాయ కోయడానికి మరో రెండు నెలలు పైనే. ఆ మూడు నెలల నీరు, మట్టి, ఎరువు, పొద్దున్నే లేచి చేసిన చాకిరీ అంతా ఆ గింజ మీద పెట్టిన పెట్టుబడే. పొలంలో కొన్ని మొక్కలు పోతే పక్క మొక్కలు లోటు తీరుస్తాయి. మిద్దె మీద ఉన్న రెండు టమాటా కుండీల్లో ఒకటి వేరే రకం అయితే సగం పంట పోయినట్టే. చోటు తగ్గేకొద్దీ ఒక్కో గింజ విలువ పెరుగుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. మొదటిసారి తోట వేసినవాళ్లు పంట రాకపోతే విత్తనాన్ని అనుమానించరు. తమ చేతికి ఏదీ బతకదని నిర్ణయించుకుని కుండీలు మూలన పడేస్తారు. నాసి గింజ వల్ల ఒక పంటతో పాటు ఒక తోటమాలిని కూడా పోగొట్టుకుంటున్నాం.

లేబుల్ మీద చూడాల్సినవి

ఈ వివరం కొత్తగా కోరుతున్నదేమీ కాదు. 1966 నాటి విత్తన చట్టం, దాని కింద 1968లో వచ్చిన నిబంధనలు ప్రకటిత రకాల ప్యాకెట్ మీద ఏముండాలో ఎప్పుడో చెప్పాయి. పంట, రకం, లాట్ నంబరు, మొలక శాతం, భౌతిక స్వచ్ఛత, జన్యు స్వచ్ఛత, పరీక్ష తేదీ, నికర బరువు, అమ్మేవారి పేరు, చిరునామా ఉండాలి. మందు పట్టించిన గింజైతే ఆ హెచ్చరిక కూడా ఉండాలి. ఫౌండేషన్ విత్తనానికి తెల్ల ట్యాగు, ధ్రువీకరించిన విత్తనానికి నీలి ట్యాగు కడతారు. కూరగాయల చిన్న ప్యాకెట్ల మీద ఎక్కువగా కనిపించేది లేత ఆకుపచ్చ ‘ట్రూత్‌ఫుల్’ లేబుల్. అందులో ధ్రువీకరణ సంస్థ ప్రమేయం ఉండదు, నాణ్యతకు అమ్మేవారిదే పూచీ. ధ్రువీకరించిన విత్తనం గడువు పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు. అందుకే ముందుగా చూడాల్సినవి పరీక్ష తేదీ, లాట్ నంబరు, రకం పేరు. పారదర్శకమైన కవర్లో పోసి, పిన్ను కొట్టి, మీద రంగు బొమ్మ అంటించిన ప్యాకెట్లలో ఈ మూడూ ఉండవు. అన్ని కూరలూ కలిపి ఒకే కిట్‌గా అమ్మే పొట్లాల్లోనూ చాలావాటికి ఇదే లోపం.

మొలక శాతం సంగతి కొంచెం విడమరచి చెప్పుకోవాలి. ప్రమాణాల ప్రకారం టమాటా, వంగ, ఉల్లి గింజలు కనీసం 70 శాతం మొలవాలి. బెండకు అది 65, మిరపకు, బీర, సొర వంటి తీగజాతులకు 60. అంటే పది మిరప గింజలు వేస్తే నాలుగు మొలవకపోయినా ఆ విత్తనం చట్టం దృష్టిలో మంచిదే. ఈ లెక్క తెలిస్తే కావలసిన మొక్కలకు ఎన్ని గింజలు వేయాలో ముందే తేలుతుంది. అయిదు మిరప మొక్కలు కావాలంటే పది గింజలైనా నారు పోయాలి. లేబుల్ మీద అబద్ధాలు రాయరా అన్న ప్రశ్న సహజం. నకిలీ విత్తనాలతో రైతులు నష్టపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. లేబుల్ ఉండగానే గింజ మంచిదైపోదు, నిజమే. అయితే పేరు, లాట్ నంబరు, బిల్లు ఉంటే తప్పు ఎవరిదో అడగడానికి ఆధారం దొరుకుతుంది. పేరులేని పొట్లం అమ్మినవాణ్ణి అడగడానికి ఏమీ మిగలదు. పైగా మొలక శాతాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఇరవై గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచితే అలసంద, చిక్కుడు నాలుగైదు రోజుల్లో, టమాటా వారంలో, వంగ, మిరప రెండు వారాల్లోపు జవాబు చెబుతాయి. కాకర గింజ పెంకు గట్టిది కాబట్టి ముందు ఒక రాత్రి నీళ్లలో నాననివ్వాలి.

నాటుదా, హైబ్రిడా?

ఇంటి తోటల్లో ఇంతగా వాదన పెట్టే విషయం మరొకటి లేదు. ముందు ఒక అపోహ తొలగాలి. హైబ్రిడ్ అంటే జన్యుమార్పిడి కాదు. రెండు ఎంపిక చేసిన తల్లిదండ్రుల మధ్య పుప్పొడి కలిపి తెచ్చిన తొలి తరం గింజ అది. జన్యుమార్పిడి పంటల్లో మన దేశంలో వాణిజ్య సాగులో ఉన్నది పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రం నిలిపివేసింది. కాబట్టి హైబ్రిడ్ టమాటా వేయడానికి ఆ భయం అక్కర్లేదు. హైబ్రిడ్‌తో ఉన్న అసలు చిక్కు మరుసటి తరానిది. దాని కాయలోంచి గింజ తీసి వేస్తే పిల్ల మొక్కలు రకరకాలుగా చీలిపోతాయి. ఒకటి తాతలా, ఇంకొకటి అమ్మమ్మలా, మిగతావి ఎవరి పోలికా కాకుండా వస్తాయి. బజారు టమాటాను పిండి గింజలు వేసుకునేవాళ్లకు ఎదురయ్యేదీ ఇదే, ఎందుకంటే మార్కెట్‌కు వచ్చే టమాటా ఎక్కువగా హైబ్రిడ్లదే.

హైబ్రిడ్ కాని సూటి రకాలకు ఈ ఇబ్బంది లేదు. జాగ్రత్తగా తీసిన గింజ తల్లిలాగే పండుతుంది. అలాగని ‘నాటు’ అన్న ముద్ర ఉన్న ప్రతి పొట్లాన్నీ నమ్మలేం. ఏ ఊరి రకం, ఎవరు కాపాడారు, ఏ ఏడాది గింజ అన్నవి చెప్పకుండా అమ్మడం చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే. జహీరాబాద్ ప్రాంతంలో 2019లో ఈక్వేటర్ ప్రైజ్ అందుకున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు నడిపే విత్తన బ్యాంకుల్లో ప్రతి గింజ చరిత్రా అక్కడి ఆడవాళ్లకు తెలుసు. విలువ ఆ ఎరుకలో ఉంది. పరిశోధనా సంస్థల రకాలకూ ఇదే కొలత వాడాలి. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన అర్క వికాస్ టమాటా సూటి రకం, గింజ తీసి దాచుకోవచ్చు. అదే సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ హైబ్రిడ్. ఆకు ముడత వైరస్, బ్యాక్టీరియా వడలు తెగులు, ముందుగా వచ్చే ఆకుమచ్చ తెగులు, ఈ మూడింటినీ తట్టుకునేలా దాన్ని తీర్చారు. ఏటా మొక్కలు వడలిపోతున్న పెరట్లో రెండోది, గింజ కట్టుకోవాలన్న పట్టుదల ఉన్న ఇంట్లో మొదటిది మంచి విత్తనం.

పేరున్న రకమైనా ఎల్లకాలం గట్టిగా ఉండదని బెండ కథ చెబుతుంది. ఢిల్లీ పూసా సంస్థ నుంచి వచ్చిన పూసా సవానీ ఒకప్పుడు దేశమంతటా పండింది. పల్లాకు తెగులును తట్టుకుంటుందన్నదే దాని పేరు. కాలక్రమంలో ఆ శక్తి సన్నగిల్లింది. తర్వాత అడవి బెండ జాతులతో సంకరం చేసి పర్భణీ క్రాంతి, అర్క అనామిక వంటివి తెచ్చారు. వాటి నిరోధకతా కొన్నిచోట్ల తగ్గుతూ వస్తోంది. అందుకే నిన్నటి ఖ్యాతి మీద కాకుండా, మన ప్రాంతంలో ఈ ఏడాది ఏది నిలబడుతోందో కనుక్కుని కొనాలి.

కాలానికీ చోటుకూ తగిన గింజ

మొలక శాతం నూటికి నూరున్నా, తప్పు కాలంలో వేసిన గింజ పంటనివ్వదు. కాలీఫ్లవర్‌లో త్వరగా పువ్వు కట్టే రకాలు కొంత వేడిని ఓర్చుకుంటాయి. స్నోబాల్ తరహా ఆలస్యపు రకాలకు మన మైదానాల్లో దొరకనంత చలి కావాలి. ప్యాకెట్ మీద కాలీఫ్లవర్ అని మాత్రమే ఉంటే విజయవాడలో కొన్నవారికి ఆకులు తప్ప పువ్వు కనిపించకపోవచ్చు. టమాటా పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి సత్తువ కోల్పోయి పూత రాల్చేస్తుంది. ఎండ ముదిరాక పూతకొచ్చేలా వేసి, గింజను తిట్టి ప్రయోజనం లేదు. కుండీలకైతే మొక్క పెరిగే తీరు కూడా తెలియాలి. గుబురుగా కొంత ఎత్తు పెరిగి ఆగే టమాటా కుండీకి నప్పుతుంది. ఆగకుండా సాగే రకానికి ఊతం, లోతైన మట్టి కావాలి.

గింజ కాలానికీ చోటుకూ తగాలనడానికి చిక్కుడు మంచి ఉదాహరణ. మన పాదు చిక్కుడు పగలు పొట్టిగా మారే చలికాలానికే పూస్తుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువాళ్లు వేసవంతా పందిరి నిండా తీగ పెంచి, పూత వచ్చేలోపే మంచుకు పోగొట్టుకోవడానికి కారణమిదే. అక్కడ కావలసింది పగటి పొడవుతో పని లేకుండా కాసే అర్క జయ్, అర్క విజయ్ వంటి పొట్టి రకాలు. అవీ చట్టబద్ధంగా తెప్పించుకోవాలి. ఫైటోశానిటరీ ధ్రువపత్రమో ముందస్తు పర్మిట్టో లేకుండా నాటే గింజలను సామాన్లలో పెట్టుకెళ్లడాన్ని ఆ దేశం ఒప్పుకోదు. తెగుళ్లు, పురుగులు గింజలతో ప్రయాణిస్తాయి కాబట్టి ఆ నియమం సబబే.

ఇంటి గింజ ఉండగా కొనడమెందుకు?

ఇది గౌరవించాల్సిన వాదన. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టం కూడా గింజ దాచుకుని, పంచుకుని, మళ్లీ విత్తుకునే రైతు హక్కును నిలబెట్టింది. అయితే అన్ని పంటలకూ ఒకే పద్ధతి సాగదు. టమాటా, అలసంద, చిక్కుడు ఎక్కువగా తమ పుప్పొడితోనే కాయ కడతాయి. వీటి గింజ దాచుకోవడం తేలిక. మిరప, వంగ, బెండ కొంతవరకూ పరాయి పుప్పొడి తీసుకుంటాయి. ధ్రువీకరించిన బెండ విత్తనం పండించాలంటే మరో బెండ రకం 200 మీటర్ల దూరంలో ఉండాలంటారు. వరసగా మిద్దె తోటలున్న కాలనీలో అది కుదిరే పని కాదు. బీర, సొర, దోస, గుమ్మడి తేనెటీగల వంటి కీటకాల మీద ఆధారపడతాయి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. విచ్చుకోబోయే ఆడ, మగ పూలకు ముందే గుడ్డ సంచి కట్టి, విచ్చాక చేత్తో పుప్పొడి అద్ది మళ్లీ కడితేనే రకం నిలుస్తుంది. కలిసిపోయిన గింజ నుంచి ఎప్పుడైనా చేదు సొరకాయ వస్తే దాన్ని కూర వండకూడదు. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటసిన్లు ఆరోగ్యానికి హానికరం.

దాచడంలోనూ వివరం కావాలి. మన పెద్దలు సొరకాయను ఎండబెట్టి దూలానికి వేలాడదీసినా, గింజలను బూడిదలో కలిపి కుండకెత్తినా ఉద్దేశం తేమను, పురుగును దూరం పెట్టడమే. గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందన్నది విత్తన శాస్త్రంలో పేరున్న హారింగ్టన్ సూత్రం. నిల్వ ఉష్ణోగ్రత అయిదు డిగ్రీలు తగ్గినా అంతే. నీడన బాగా ఆరబెట్టి, గాజు సీసాలో బిగించి, రకం పేరు, ఏడాది రాసి ఫ్రిజ్‌లో పెడితే టమాటా, దోస గింజలు కొన్నేళ్లు ఉంటాయి. ఉల్లి గింజ మాత్రం ఏడాదికే నీరసిస్తుంది. దుకాణంలో ఎండ తగిలే అద్దాల వెనక వేలాడే ప్యాకెట్లను కొనవద్దనేది ఈ సూత్రం ప్రకారమే. వంటింటి ధనియాలు, మెంతులు, ఆవాలు వాడుకోవడానికి అభ్యంతరం లేదు. ఇరవై గింజల పరీక్షలో గట్టెక్కితే చాలు.

మందు పట్టించిన గింజ వద్దనుకునేవాళ్లు శుద్ధి చేయని విత్తనాన్ని అడిగి తీసుకుని, ట్రైకోడెర్మా విరిడె పట్టించుకోవచ్చు. గులాబీ, నీలం, ఆకుపచ్చ పూత ఉన్న గింజలను పిల్లలకు అందనివ్వకూడదు, మిగిలినవి వంటకు వాడకూడదు.

కొనడానికి చోట్లు లేకపోలేదు. ఉద్యాన పరిశోధనా సంస్థ తన విత్తనాలను ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. జాతీయ విత్తన సంస్థ ఉంది. వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాలు, జిల్లాల్లోని కృషి విజ్ఞాన కేంద్రాలు స్థానికంగా ఏది పండుతుందో చెప్పగలవు. ఈ సంస్థలు ఇంటి తోటకు సరిపడే చిన్న ప్యాకెట్లను, విత్తే నెల తెలుగులో ముద్రించి, పట్నాల్లో విరివిగా అందుబాటులో పెట్టాలి. చిన్న పొట్లాలకు కూడా లాట్ నంబరు, పరీక్ష తేదీ ఉన్నాయో లేదో అధికారులు తనిఖీ చేయాలి. అంతకన్నా ముందు కొనేవాళ్లు మారాలి. రకమేమిటి, ఎప్పటి పరీక్ష, ఏ నెలలో వేయాలి అని ప్రతి దుకాణంలోనూ అడగాలి. జవాబు లేకపోతే ప్యాకెట్ వెనక్కివ్వాలి. అడిగేవాళ్లు పెరిగితేనే వివరం ముద్రించేవాళ్లూ పెరుగుతారు.