మైనంలో కుదిరిన మెట్లు

గిటారు మెట్టు అరిగితే మార్చడం ఓపిక పని. చెక్కలో కోసిన సన్నటి గాడిలోంచి పాత లోహపు ముక్కను కాస్త వేడిచేసి, పెచ్చు లేవకుండా పైకి లాగాలి. కొత్తది దిగగొట్టి ఆకురాయితో సమం చేయాలి. గాడి మాత్రం అక్కడే ఉంటుంది. మొదట కోసినప్పుడు కొలత తప్పితే మెట్టు మార్చినా అపస్వరం పోదు.

వీణకు ఆ బాధ లేదు. అనకాపల్లిలో రైలెక్కి విజయనగరం మీదుగా బొబ్బిలి చేరితే, దగ్గర్లోనే గొల్లపల్లి. పనసదుంగను తొలిచి వీణ చేసే సర్వసిద్ధి వంశీయుల ఊరది. అక్కడ మెట్లను చెక్కలో దిగగొట్టరు, వీణ మెడ అయిన దండి మీద మైనంలో కూర్చుతారు. ఆ పనిని మేళం కట్టడం అంటారు.

మెట్లు ఎక్కడ ఉండాలన్నది పాత చర్చే. 1550లో రామామాత్యుడు 'స్వరమేళకళానిధి'లో వీణ మెట్ల స్థానాలను వివరించాడు. ఒకప్పుడు రాగానికి తగ్గట్టు మెట్లు జరుపుకొనే వీణలూ ఉండేవి. అన్ని రాగాలకూ సరిపోయే 24 మెట్ల వీణను తంజావూరు రఘునాథ నాయకుడి కాలానికి ముడిపెడతారు.

లెక్క చూడండి. మీటే తీగ పొడవు 80 సెంటీమీటర్లనుకుంటే, స్థాయిని పన్నెండు సమాన స్వరాంతరాలుగా విభజిస్తే మొదటి మెట్టు మేరువుకు, అంటే దండి పైకొసన తీగ ఆనే కట్టుకు, సుమారు 4.5 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. పన్నెండోది సరిగ్గా సగంలో. చివరి రెండు మెట్ల మధ్య ఎడం 1.2 సెంటీమీటర్లే. కానీ మెట్టు మీద అదిమినప్పుడు తీగ సాగి శ్రుతి కొంచెం పెరుగుతుంది. అందుకే లెక్క తేల్చిన చోటుకు కాస్త మేరువు వైపే మెట్టు కుదురుతుంది. ఆ కాస్త ఎంతో తీగ లావును బట్టి, మెట్టు ఎత్తును బట్టి మారుతుంది. అది తేల్చేది చెవే. నాకు ఈ పనిలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

తేనెమైనంలో నల్లపొడి కలిపి, దండికి రెండువైపులా గట్టులా పోస్తారు. మెత్తగా ఉండగానే మెట్టు అదిమి, తీగ మీటి, స్వరం కుదిరేదాకా వెంట్రుకవాసి జరుపుతారు. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మే నెలలో కిటికీలు మూసిన కారులో వీణ వదిలితే మేళం చెడినట్టే.

చెడిన మేళాన్ని మళ్లీ కట్టించేటప్పుడు దండికి పాలిష్ కూడా చేయించదలిస్తే అది మేళానికి ముందే జరగాలి. పాత మైనం పూర్తిగా గీకి, ఉప్పుకాగితంతో రుద్దాలి. జిడ్డు మిగిలిన చోట కొత్త పాలిష్ పట్టదు.