మడత కత్తి: ఏ ఫిర్యాదు ఎంత బరువు?

దక్షిణాఫ్రికా నుంచి 1989లో అమెరికా వెళ్లి స్థిరపడిన క్రిస్ రీవ్ తయారుచేసిన మడత కత్తి పేరు 'సెబెంజా'. జులూ భాషలో 'పని' అని అర్థం. ఖరీదు నాలుగు వందల డాలర్ల పైమాటే! తెరవగానే పిడిలోని టైటానియం రేకే లోపలికి జరిగి, బ్లేడు మడుచుకోకుండా అడ్డు నిలుస్తుంది.

ఇలాంటి కత్తి కొన్నవారు, మూసినప్పుడు బ్లేడు వెంట్రుకవాసి పక్కకున్నా సహించరు. అంత డబ్బు పోశాక ఆ పట్టింపు తప్పు కాదు. కాని బ్లేడు పిడిని ఒరుసుకోనంతవరకు అది కంటికి కనిపించే లోపం మాత్రమే. బ్లేడు ఊగితే, ఇరుసు స్క్రూ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. అడ్డు జారడం అలా కాదు, వేలు తెగే సంగతి. వేళ్లు దూరంగా ఉంచి బ్లేడు వీపు మీద మెల్లగా ఒత్తి చూడండి. జారిందా, కత్తి వెనక్కి పంపాల్సిందే.

బాగున్న కత్తి కొన్నవారు కంపెనీకి ఉత్తరం రాయరు కదా! కాబట్టి పది ఫిర్యాదులు వింటే, వాటిలో అడ్డు జారిందన్నవి ఎన్నో ముందు లెక్కపెట్టండి.